తొమ్మిది రోజుల పరిమితి

నిఘంటువు కార్యాలయంలో తాళాలావిడంటే అందరికీ కాస్త బెరుకు. మూడో అంతస్తు వరండా చివర, ఎప్పుడూ చలిగా, ఎప్పుడూ హోరుమంటూ ఉండే గదిలో ఒక పెద్ద కంప్యూటరు ఉంది. ఆ గది తాళాలూ, ఆ కంప్యూటరు బాగోగులూ ఆవిడవే. మిగతా వాళ్ల బల్లల మీద ఉన్నవి ఉత్త తెరలూ, కీబోర్డులూ. వాళ్లు తెరిచే ప్రతి పేజీ, వెతికే ప్రతి మాటా నిజానికి ఆ చలిగదిలోని యంత్రంలోనే నడుస్తుంది. పొద్దున్నే తాళాలావిడ మొహం చూసి, ఇవాళ పని సాగుతుందో లేదో చెప్పేసే జ్యోతిష్కులు అక్కడ ఇద్దరు ముగ్గురున్నారు.

ఆవిడకు జంకనిది ఆ ఆఫీసు మొత్తం మీద ఒక్కతే. ‘క’ అక్షరం చూసే సంపాదకురాలు. జంకకపోవడానికి కారణం లేకపోలేదు. ఇద్దరూ తోడికోడళ్లు. తాళాలావిడ పెద్దకోడలు, ‘క’ సంపాదకురాలు చిన్నకోడలు. ఉండేది ఒకే ఇంట్లో, వండేది ఒకే వంటింట్లో, పోట్లాడుకునేది ఒకే ఫ్రిజ్ గురించి. పెద్దకోడలు ఫ్రిజ్‌లో ఏ అరలో ఏముండాలో చీటీలు రాసి అంటించింది. చిన్నకోడలు ఆ చీటీలను చదివి, తప్పులుంటే దిద్ది, తన గిన్నెలను మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టేది.

ఆఫీసులోనూ ఆమె తీరు అదే. తెరవడమే తప్ప మూయడమనేది ఆమె చేతికి అలవాటు లేదు. పాత కోశాలు, శాసనాల నకళ్లు, ఎవరెవరివో ఉత్తరాలు, అన్నీ తెర మీద ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కూర్చునేది. ఒకసారి తాళాలావిడ తన గదిలోంచి లెక్కపెడితే డెబ్బై మూడు కిటికీలు తేలాయి.

వీళ్లిద్దరి మధ్యా అత్తగారు. ఆవిడ కూడా అదే కార్యాలయంలో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైంది. ఇప్పుడు దిద్దడానికి ఏమీ దొరక్క మందుల పెట్టెల్లో వచ్చే కాగితాలు, తలుపు సందులోంచి పడేసే ప్రకటనలు, కొడుకులు ఆఫీసుకు రాసుకునే సెలవు చీటీలు, అన్నిటి మీదా ఎర్ర పెన్సిలు ఆడిస్తూ కాలం గడుపుతోంది.

అలా ఉండగా జాతీయాల విభాగం వాళ్లు పద్దెనిమిది మంది వేరే భవనం నుంచి వీళ్ల అంతస్తుకు వచ్చి చేరారు. అంతమందినీ మోయడానికి కంప్యూటరులో మెమరీ చాలదేమోనని డైరెక్టరు బెంగపెట్టుకున్నాడు. ఆ కంప్యూటరు పూర్తిగా నిఘంటువు వాళ్లది కాదు. పెట్టె ఒకటే, అందులో రెండు వాటాలు. ఒక వాటాలో నిఘంటువు, రెండో వాటాలో కింది అంతస్తు నీటి సరఫరా శాఖ. యంత్రాన్ని ఆపకుండానే ఒక వాటా మెమరీని ఇంకో వాటాకు జరపవచ్చు. నీటి శాఖ దగ్గర బోలెడంత ఊరికే పడి ఉందని తెలిసి, డైరెక్టరు వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు.

సోమవారం పొద్దున పది గంటలకు తాళాలావిడ కూర్చుని ఆ పని పూర్తి చేసింది. ముప్ఫై రెండు గిగాల మెమరీ తొంభై ఆరు అయింది. ఎవరి పనీ ఆగలేదు, ఏ తెరా మిణుకుమనలేదు. డైరెక్టరు హాలు మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఇవాళ్టి నుంచి మనకు మూడింతల మెమరీ. ఎవరికి ఏది కావాలంటే అది తెరుచుకోండి. మొహమాటపడకండి.”

ఎవరూ మొహమాటపడలేదు. పదీ నలభైకి చిన్నకోడలు తెర మీద ఒక వాక్యం ప్రత్యక్షమైంది: ‘పరిమితి నిండింది. కొత్త పని మొదలుపెట్టడం కుదరదు.’ రెండు నిమిషాల్లో జాతీయాల విభాగంలో అందరికీ అదే వాక్యం.

డైరెక్టరు పరుగులాంటి నడకతో చలిగదిలోకి వచ్చాడు.

“ఏమ్మా, మూడింతలు తెచ్చి పెడితే ఇదేంటి? నీటి శాఖ వాళ్లు మనకు పాడైపోయిన మెమరీ అంటగట్టలేదు కదా?”

“మెమరీ బాగానే ఉంది సార్. సగానికి పైగా ఖాళీగా కూడా ఉంది.”

“ఖాళీగా ఉండగా నిండిందంటుందేమిటి?”

“అదే చూస్తున్నాను. కాసేపు వదిలేయండి నన్ను.”

ఆయన వెళ్లాక ఆవిడ అరలోంచి లావుపాటి పుస్తకం తీసింది. పావుగంటలో సంగతి తేలిపోయింది. ఆ కంప్యూటరు స్విచ్ వేసి నిద్ర లేపినప్పుడు ఒక్కసారి తన మెమరీ ఎంతో చూసుకుంటుంది. దాన్ని బట్టి, ఒకేసారి ఎన్ని పనులు నడవనివ్వవచ్చో, ఎన్ని ఫైళ్లు తెరవనివ్వవచ్చో లెక్కకట్టి రాసిపెట్టుకుంటుంది. ఇది పదమూడు నెలల కిందట లేచింది. అప్పుడున్నది ముప్ఫై రెండు గిగాలు. దానికి తగ్గట్టు నాలుగు వేల పనులు చాలని రాసుకుంది. ఇవాళ మెమరీ పెరిగిన సంగతి దానికి తెలుసు, వాడుకుంటోంది కూడా. కానీ ఆ పాత లెక్క మాత్రం మళ్లీ కట్టదు. కట్టాలంటే ఆపి మళ్లీ లేపాలి, లేదా తాళాలున్నవాళ్లు చేత్తో అంకె మార్చాలి. మార్చడానికి కావలసింది ఒక్క లైను.

తాళాలావిడ ఆ లైను టైపు చేసింది. మూడింతల మెమరీకి మూడింతలు, పన్నెండు వేలు. ఎంటర్ మీద వేలు పెట్టి నొక్కబోతుండగా తలుపు తెరుచుకుంది.

“అక్కయ్యా,” అంది చిన్నకోడలు, వెనకాల జాతీయాల వాళ్లు నలుగురు నిలబడి వింటుండగా, “దీన్ని కూడా మనింటి ఫ్రిజ్ సర్దినట్టే సర్దావా? సగం అరలు ఖాళీ, ఒక్క గిన్నె పట్టదు!”

నలుగురూ కిసుక్కుమన్నారు.

తాళాలావిడ వేలిని ఎంటర్ మీంచి తీసి, పక్కనే ఉన్న చెరిపే మీట మీదకు జరిపింది. టైపు చేసిన లైనును చివరి నుంచి ఒక్కొక్క అక్షరమే నిదానంగా చెరిపేసింది.

“ఇది ఇప్పట్లో తేలే వ్యవహారం కాదు,” అంది. “లోతుగా పరిశీలించాలి. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేను. ఈలోగా అక్కర్లేని కిటికీలు మూసుకోండి. ముఖ్యంగా డెబ్బై మూడు తెరిచినవాళ్లు.”

ఒక పూట చాలనుకుంది మొదట. చిన్నకోడలు సాయంత్రం వరకూ ఉక్కిరిబిక్కిరైతే కోపం చల్లారిపోతుందని ఆవిడ అంచనా. కానీ సాయంత్రానికి ఆ గదిలో కూర్చుని చూడటం చాలా సరదాగా ఉంటుందని తెలిసొచ్చింది. ఎవరు ఏం తెరిచారో, ఏం మూశారో, ఆవిడ తెర మీద జాబితాగా కనబడుతుంది. ‘క’ సంపాదకురాలు డెబ్బై మూడు నుంచి అరవై, అరవై నుంచి నలభై నాలుగు. ఒక్కొక్క కిటికీ మూసే ముందు ఎంత మథనపడుతోందో మధ్యలో పట్టే నిమిషాలను బట్టి ఊహించుకోవచ్చు. ఆ జాబితాలోనే ఇంకొకటి కూడా బయటపడింది. పీఠిక రాస్తున్నానని నెలరోజులుగా తలుపులేసుకుంటున్న డైరెక్టరు పేరు మీద నడుస్తున్నవి మూడు. మూడూ పేకాటలే.

రెండో రోజుకి ఆఫీసు తీరు మారిపోయింది. పదింటికి ఈసురోమంటూ వచ్చేవాళ్లు ఎనిమిదిన్నరకే గేటు దగ్గర కనబడసాగారు. ముందు వచ్చినవాళ్లకే చోటు కదా! వరండాలో బేరాలు మొదలయ్యాయి. “నువ్వు ఆ రెండు కోశాలూ మూసేయ్, మధ్యాహ్నం నీ బదులు నేను మీటింగుకు వెళ్తాను” అంటూ ఒకరు. “నా కిటికీ మీద కన్నేస్తే బాగుండదు” అంటూ ఇంకొకరు.

మూడో రోజు చిన్నకోడలు మిగతావాళ్లకు తోచని ఎత్తు వేసింది. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు, ఏ పనీ చేయకుండా ఊరికే నడుస్తూ ఉండే చిన్న చిన్న ప్రోగ్రాములు ఒక ఇరవై తెరిచి పెట్టింది. పొద్దున వచ్చి వాటిని ఒక్కొక్కటే మూస్తూ ఆ చోట్లో తన కోశాలు తెరుచుకుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసినట్టన్నమాట. మర్నాటికల్లా అందరూ రుమాళ్లు వేయడం నేర్చుకున్నారు. దాంతో పని చేసేవాటికంటే చోటు పట్టుకుని కూర్చున్నవే ఎక్కువైపోయి, పదకొండింటికి తీరిగ్గా వచ్చే డైరెక్టరుకు వరసగా మూడు రోజులు పేకముక్క దొరకలేదు.

“పరిశీలన ఎంతవరకు వచ్చిందమ్మా?” అని ఆయన రోజుకు రెండుసార్లు వచ్చి అడగసాగాడు. “పీఠిక ఆగిపోయింది.”

“అవును సార్, కనబడుతూనే ఉంది,” అంది తాళాలావిడ. ఆయన మరి నిలబడలేదు.

ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఇదే రామాయణం. చిన్నకోడలు చెబుతుంది, పెద్దకోడలు వింటుంది, అన్నదమ్ములిద్దరూ కంచాల్లోంచి తల ఎత్తరు. నాలుగో రోజు భోజనాలయ్యాక అత్తగారు పెద్దకోడలిని పక్కకు పిలిచింది.

“ఇంతకీ ఆ పరిమితి పెంచడానికి ఎంతసేపు పడుతుంది?”

“అది... చూడాలత్తయ్యా. చాలా చిక్కుంది అందులో.”

“చిక్కుంటే నువ్వు అన్నం సయించక తిరుగుతావు. నాలుగు రోజులుగా రెండోసారి వడ్డించుకుని తింటున్నావు. ఎంతసేపు?”

పెద్దకోడలు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఒక్క లైను.”

అత్తగారు నవ్వలేదు, కోప్పడలేదు. చెవి మీది ఎర్ర పెన్సిలు తీసి దాని మొన చూసుకుంది.

“నేను కిమ్మనను. రేపటి నుంచి ఆ రోజు చేరిన కొత్త మాటలన్నీ అచ్చు తీసి నాకు తెచ్చి పెట్టు. అన్ని అక్షరాలవీ.”

“ఆఫీసు కాగితాలు ఇంటికి తేకూడదత్తయ్యా.”

“ఆఫీసు పని ఆపకూడదు కూడా.”

మర్నాటి నుంచి పెద్దకోడలు సంచీలో దొంగచాటుగా కాగితాల కట్ట ఇంటికి ప్రయాణం కట్టింది.

ఈ ముచ్చట ఇంకెన్నాళ్లు సాగేదో గానీ, తొమ్మిదో రోజున తాళాలావిడ టీ తాగి రావడానికి వెళ్లింది. వెళ్లేముందు అలవాటు కొద్దీ తన తెర మూసేసింది. తిరిగి వచ్చి తెరవబోతే, ‘పరిమితి నిండింది. కొత్త పని మొదలుపెట్టడం కుదరదు.’

ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తాళాలన్నీ నడుముకి వేలాడుతున్నాయి. గది ఆవిడది, యంత్రం ఆవిడది. లోపలికి పోయే దారి లేదు. అందరికీ హద్దు అలాగే ఉంచేసిన మనిషి తనకంటూ ఒక్క చోటైనా అట్టే పెట్టుకోలేదు. ఆ నాలుగు వేలల్లో తనదీ ఒకటేనన్న ఆలోచన తొమ్మిది రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. ఎవరో ఒకరు ఒక కిటికీ మూస్తే తప్ప ఆవిడకు చోటు రాదు. ఎవరిని అడగాలి? డైరెక్టరుకే యంత్రంలో చోటు దొరకలేదు. జాతీయాల వాళ్లను అడిగితే వరండా అంతా పొక్కుతుంది.

మెల్లగా నడిచి ‘క’ బల్ల దగ్గరకు వెళ్లింది.

“ఒక కిటికీ మూస్తావా?”

చిన్నకోడలు తెర మీంచి చూపు తిప్పింది. సంగతి అర్థం కావడానికి ఆమెకు రెండు క్షణాలు పట్టింది. మొహం పెళ్లివారి ఇల్లులా వెలిగింది.

“కూర్చో అక్కయ్యా. నిలబడే ఉన్నావేం? ఏ కిటికీ మూయమంటావు?”

“ఏదో ఒకటి.”

“ఏదో ఒకటి అంటే ఎలా? ఇది పాత కోశం, ఇది లేకపోతే నాకు రోజు గడవదు. ఇది శాసనం. ఇదేమో మామయ్యగారి కాలం నాటి ఉత్తరం, ముచ్చటగా ఉందని తెరిచాను. పోనీ, నువ్వే ఒక చీటీ రాసి అంటించు, ఏది ఎక్కడుండాలో.”

“అమ్మాయ్!”

“మూస్తున్నా, మూస్తున్నా!”

తాళాలావిడ గదిలోకి విసవిసా వచ్చి కూర్చుంది. ఒళ్లు మండిపోతోంది. పన్నెండు వేలని వేయవలసిన చోట, ‘తెరుచుకోండి, ఎన్ని తెరుచుకుంటారో తెరుచుకోండి’ అని పళ్ల బిగువున అనుకుంటూ పదహారు వేలు కొట్టి, ఎంటర్ నొక్కింది. పుస్తకంలో ఆ కిందనే ఇంకో వాక్యం ఉంది. దాన్ని చదివే ఓపిక ఆ క్షణాన ఆవిడకు లేదు.

హాల్లో చప్పట్లు వినిపించాయి. డైరెక్టరు వచ్చి, పట్టుదలగా తొమ్మిది రోజులు శ్రమించి సమస్యను ఛేదించినందుకు ఆవిడను అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆవిడ తల దించుకుని నిలబడింది. అది వినయమనుకున్నారు అందరూ.

రెండు వారాలు హాయిగా గడిచాయి. చిన్నకోడలు నూట పది కిటికీలకు చేరింది. రుమాళ్లు వేసే అవసరం తీరిపోయినా అలవాటు పోక కొందరు వేస్తూనే ఉన్నారు.

ఒక గురువారం నీటి శాఖ వాళ్లు డైరెక్టరుకు ఫోన్ చేశారు. ఎండలు ముదురుతున్నాయి, ఏ పేటకు ఏ వేళ నీళ్లు వదలాలో పట్టికలు వేసుకోవాలి, మా మెమరీ మాకు కొన్నాళ్లు కావాలి అన్నారు. డైరెక్టరు ఉదారంగా, “దానికేముంది, తీసుకోండి” అన్నాడు. ఆ మాట తాళాలావిడ చెవిన వేయాలని ఆయనకు తోచలేదు. పన్నెండున్నరకు, ఆవిడ డబ్బా విప్పుకుని భోంచేస్తున్న సమయంలో, కింది అంతస్తు వాళ్లు తమది తాము జరుపుకున్నారు. తొంభై ఆరు మళ్లీ ముప్ఫై రెండు అయింది.

అంకె మాత్రం పదహారు వేల దగ్గరే ఉండిపోయింది. ఆవిడ చదవని వాక్యం చెప్పింది అదే: చేత్తో పెట్టిన అంకెను యంత్రం తనంతట తాను ముట్టుకోదు, మెమరీ పెరిగినా, తగ్గినా.

ఒంటిగంట దాటాక అందరూ తిని వచ్చి పనిలో పడ్డారు. ఎవరు ఏం తెరిచినా యంత్రం కాదనలేదు. కాదనమని చెప్పే హద్దు ఇంకా చాలా దూరాన ఉంది. మెమరీ మాత్రం మొత్తం ఊడ్చుకుపోయింది. ఇక ఊపిరాడని స్థితిలో యంత్రం తనను తాను కాపాడుకోవడానికి అలాంటప్పుడు చేసే పని చేసింది. అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన ప్రోగ్రామును చెప్పాపెట్టకుండా తీసేసింది. తర్వాత దాని తర్వాతిదాన్ని. అలా కొన్నిటిని.

తాళాలావిడ చేయి కడుక్కుని వచ్చేసరికి గది ముందు జనం. అందరికంటే ముందు డైరెక్టరు.

“మొత్తం పోయిందమ్మా! ఇంకో రెండు ముక్కలు పడితే గెలి...” అని ఆగి, “ఇంకో రెండు ముక్కలు రాస్తే పీఠిక పూర్తయ్యేది,” అన్నాడు.

వెనకాల ఎవరో దగ్గారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నవ్వు రావలసిన చోట తాళాలావిడకు నవ్వు రాలేదు. జనం వెనకాల చిన్నకోడలు నిలబడి ఉంది. చేతిలో చీటీల కట్ట. నోరు మెదపడం లేదు. ఏడేళ్లలో ఆమె నోరు మెదపకుండా నిలబడటం పెద్దకోడలు చూసింది అదే మొదటిసారి.

“నీదేం పోయింది?” అని అడిగింది.

“‘కి’ మొత్తం. పొద్దుటి నుంచి దాస్తూ ఉన్నాననే అనుకున్నాను. దాచలేదు.”

“లోపలికి రా.”

అందరినీ పంపించి తలుపు వేసింది. కింది అంతస్తుకు ఫోన్ చేసి ఏం జరిగిందో కనుక్కుంది. అంకెను మళ్లీ నాలుగు వేలకు దించింది. తను ముట్టుకోకుండా వదిలేసి ఉంటే, ఈ ముప్ఫై రెండు గిగాలకు సరిగ్గా ఆ నాలుగు వేలే సరిపోయేవి. ఆ తర్వాత యంత్రం అప్పుడప్పుడూ తన కోసం తీసిపెట్టుకునే నకళ్లన్నీ గాలించింది. పదకొండు గంటలప్పటిది ఒకటి దొరికింది.

“పదకొండు తర్వాత ఎన్ని రాశావు?”

చిన్నకోడలు చీటీలు లెక్కపెట్టింది. “నలభై మూడు మాటలు.”

“నువ్వు చదువు. నేను కొడతాను.”

ఆ చలిగదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. ఇంకొకటి తెచ్చి పక్కన వేసుకున్నారు. చిన్నకోడలు శాలువా తెచ్చుకోలేదు. పెద్దకోడలు తనది తీసి సగం ఆమె మీద కప్పింది. ఇద్దరూ మూడింటికి మొదలుపెట్టారు. చిన్నకోడలు చీటీ చదివి, అర్థం చెప్పి, కామా ఎక్కడో, చుక్క ఎక్కడో చెబుతుంటే పెద్దకోడలు టకటకా కొడుతోంది. ‘కిటికీ’ అయింది. దానికి ఎన్ని అర్థాలున్నాయో పెద్దకోడలికి అంతవరకు తెలియదు. తర్వాతి చీటీ ‘కినుక’.

“కినుక. నామవాచకం. అలక, కోపం,” అని చదివి చిన్నకోడలు చీటీని అటూ ఇటూ తిప్పింది. “ఉదాహరణ వాక్యం రాసిన కాగితం కనబడటం లేదు. ఏదైనా చెప్పక్కయ్యా, తర్వాత మార్చుకుంటాను.”

పెద్దకోడలు మీటల మీద చేతులు పెట్టుకుంది. తర్వాత పైకి చదువుతూ కొట్టింది.

“‘ఒక్క లైనుతో అయిపోయే పనిని ఆమె కినుకతో తొమ్మిది రోజులు ఆపింది.’”

చిన్నకోడలు తెర మీద ఆ వాక్యాన్ని చదివింది. వాక్యాలు చదవడమే ఆమె ఉద్యోగం. రెండోసారి చదవవలసిన అవసరం రాలేదు.

“ఒక్క లైనా?”

“ఒక్కటే.”

“మొదటి రోజునే తెలుసా?”

“నువ్వు తలుపు తీసేటప్పటికి ఎంటర్ మీద వేలుంది.”

చిన్నకోడలు శాలువా సగం లాగేసుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమోనని పెద్దకోడలు కంగారుపడింది. తీరా చూస్తే నవ్వు. ఆపుకోలేక, చీటీలు కిందపడేసుకుంటూ నవ్వుతోంది.

“డైరెక్టరు గారు చప్పట్లు కొట్టించారే నీకు! ఎలా నిలబడ్డావే తల్లీ!”

“నవ్వకు. ఇవాళ నీ పని పోయింది నా వల్లే. కోపంలో లెక్క చూడకుండా కొట్టాను.”

“పోయింది నలభై మూడేగా. సగం నువ్వే కొట్టేశావు,” అంటూ చిన్నకోడలు చీటీలు ఏరుకుంది. “పోనీలే, నువ్వు తొమ్మిది రోజులు ఏడిపించావు, నేను రుమాళ్లతో అందరినీ ఏడిపించాను.”

“అవును, ఆ రుమాళ్ల ఆలోచన నీకెలా తట్టింది? నాకే తట్టలేదు.”

“నాది కాదు. అత్తయ్య చెప్పారు.”

పెద్దకోడలు చేతులు మీటల మీంచి కిందికి జారాయి.

“ఎవరు?”

“అత్తయ్య. రెండో రోజు రాత్రి. చోటు దొరకడం లేదని ఏడుస్తుంటే, ‘పిచ్చిదానా, వెళ్లేముందు ఏదో ఒకటి పెట్టి వెళ్లు’ అన్నారు. ఊరికే కాదులే. బదులుగా ‘క’ చీటీలన్నీ రోజూ తెచ్చి చూపించాలన్నారు. ఇప్పటికీ తీసుకెళ్తున్నాను.”

“చీటీలు నువ్వు తీసుకెళ్తున్నావా?”

“నీకు చెప్పవద్దన్నారు.”

“నాకేమో, నీకు చెప్పవద్దన్నారు. అచ్చుకాగితాలు నేను తీసుకెళ్తున్నాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కనే యంత్రం ఫ్యాన్లు హోరుమంటున్నాయి. మిగిలిన ఇరవై మాటలు ఎప్పుడు అయిపోయాయో ఇద్దరికీ తెలియలేదు.

ఆరోజు ఇంటికి వెళ్లేముందు తాళాలావిడ ఇంకో పని కూడా చేసింది. చేత్తో అంకెలు పెట్టే పద్ధతికి స్వస్తి చెప్పి, మెమరీ మారినప్పుడల్లా దాని మీద లెక్కకట్టి పరిమితిని తనంతట తానే మార్చే చిన్న ప్రోగ్రాము రాసి పెట్టింది. పెరిగితే పెంచుతుంది, తగ్గితే దించుతుంది, దించేముందు అందరికీ ఒక మాట చెబుతుంది. ఏ ఒక్కరూ మొత్తం తినేయకుండా మనిషికింత అని వాటా వేసింది. అత్యవసరానికి నాలుగు చోట్లు ఎవరికీ ఇవ్వకుండా తన కోసం అట్టే పెట్టుకుంది. “అందులో ఒకటి నాకివ్వు, తొమ్మిది రోజుల సంగతి ఎవరికీ చెప్పను” అంది చిన్నకోడలు. కొంత పెనుగులాట జరిగాక ఇచ్చింది.

డైరెక్టరు దగ్గరకు వెళ్లి, ఇకమీదట మెమరీ ఇచ్చిపుచ్చుకోవడాలు తనకు రాతపూర్వకంగా తెలియజేయాలని చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తలుపు దగ్గరగా వేసి, “ఎవరు ఏం నడుపుతున్నారో ఆ జాబితా నీ ఒక్కదానికే కనబడుతుంది కదమ్మా?” అని మాత్రం అడిగాడు.

తోడికోడళ్లిద్దరూ ఇంటికి వెళ్లేసరికి అత్తగారు ముందుగదిలో దీపం కింద కూర్చుని ఉంది. ఒడిలో పెద్దకోడలు తెచ్చిన అచ్చుకాగితాలు, పక్కన చిన్నకోడలు తెచ్చిన చీటీలు. రెంటినీ పోల్చి చూసుకుంటోంది. ఇద్దరూ కలిసి లోపలికి రావడం, ఒకే శాలువాలో రావడం చూసి ఆవిడకు విషయం అర్థమైపోయింది. కాగితాలు దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

“ఇద్దరికీ రెండు చెవుల్లో రెండు మంత్రాలు చెప్పారన్నమాట,” అంది పెద్దకోడలు.

“నువ్వు ఒక్క లైను దాచావు, ఇదేమో ఇరవై రుమాళ్లు వేసింది. నేను దిద్దడం తప్ప ఏం చేశానే?”

“ఆఫీసు మొత్తం అల్లకల్లోలమైందత్తయ్యా!” అంది చిన్నకోడలు.

“అయింది. అయినా ఆ తొమ్మిది రోజుల్లో చేరిన మాటల్లో తప్పులు తక్కువ. తెరుచుకోవడానికి చోటు లేక, తెరిచినదాన్నే చదివారు అందరూ. ఈ రెండు వారాలవి చూడండి.” అత్తగారు ఎర్రటి గీతలతో నిండిన పేజీ ఒకటి పైకెత్తి చూపించింది. “మొదటి పేజీలోనే పదకొండు. అందులో నీవి ఏడు చిన్నమ్మాయ్. నువ్వు నవ్వకు పెద్దమ్మాయ్, అచ్చు తీసినప్పుడు చివరి వరస కోసేశావు. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చోండి ఇద్దరూ. ఆ బల్ల చివర నుంచి ఇంకో పెన్సిలు తీసుకురండి.”